గోదావరి డెల్టా నేలల్లో కార్బన్ ఎంతకాలం నిలుస్తుంది? రేడియోకార్బన్ లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కార్బన్ మార్పిడి కాలం అంటే ఏమిటి? మట్టిలోని కార్బన్ వయసూ అదీ ఒకటేనా?

ఒకటి కాదు. మిగిలిన ప్రశ్నల్లో చాలావాటికి ఈ తేడాయే మూలం కనుక దీన్ని నిదానంగా చెబుతాను. ఒక గాదెలో 100 బస్తాల ధాన్యం ఉంది, నెలకు 10 బస్తాలు తీస్తున్నారు, తీసినంతా మళ్ళీ పోస్తున్నారు అనుకుందాం. ఉన్న నిల్వను నెలవారీ వాడకంతో భాగిస్తే 10 నెలలు వస్తుంది. అదే మార్పిడి కాలం. అయితే ఆ గాదె అడుగున 50 బస్తాలు ఏళ్ళ తరబడి దాదాపు కదలకుండా ఉండిపోయాయని, తీయడమూ పోయడమూ పై 50 బస్తాల్లోనే జరుగుతోందని తరవాత తెలిసిందనుకోండి. భాగహారం మారదు, జవాబు 10 నెలలే. కానీ పైనుంచి అడుగుదాకా గింజలన్నీ కలిపి సగటు వయసు కడితే ఏళ్ళు తేలతాయి, వంటింటికి చేరే గింజల్ని చూస్తే దాదాపు అన్నీ కొన్ని నెలల నాటివే అయి ఉంటాయి.

మట్టి కూడా అటువంటి గాదె. లోపల నిలిచి ఉన్న కార్బన్ సగటు వయసు ఒక లెక్క, ఊపిరిలా బయటకు పోయే కార్బన్ వయసు ఇంకొక లెక్క. 1973లో బెర్ట్ బోలిన్, హెన్నింగ్ రోడే ఈ మాటలకు స్పష్టమైన నిర్వచనాలు ఇచ్చారు. వచ్చేదీ పోయేదీ సమానంగా ఉన్న నిలకడ స్థితిలో, నిల్వను ప్రవాహంతో భాగించగా వచ్చే కాలం బయటకు పోయే కార్బన్ సగటు వయసుతో సమానమవుతుంది. లోపల ఉన్న కార్బన్ సగటు వయసుతో మాత్రం, నిల్వ అంతా ఒకే తీరున కలిసిపోయి ఉంటే తప్ప, సమానం కానక్కర్లేదు. రేడియోకార్బన్, అంటే కాలంతో పాటు తనంతట తానే తరిగిపోయే కార్బన్-14, కొలత మనకు నేరుగా చెప్పేది లోపల ఉన్న కార్బన్ సంగతి. అక్కడి నుంచి మార్పిడి కాలానికి వెళ్ళాలంటే మధ్యలో ఒక గణిత మోడల్, కొన్ని ఊహలు, కొంత జాగ్రత్త అవసరం.

రేడియోకార్బన్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆకాశం నుంచి. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన న్యూట్రాన్లు గాలిలోని నైట్రోజన్‌ను తాకినప్పుడు కార్బన్-14 ఏర్పడుతుంది. గాలిలో ఉన్న కార్బన్‌లో దాని వాటా లక్ష కోట్ల పరమాణువులకు సుమారు ఒకటి. ఈ రకం కార్బన్‌ను 1940లో మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ గుర్తించారు. దానితో కాలనిర్ణయం చేసే పద్ధతిని రూపొందించిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. దాని అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 5730 ఏళ్ళు, సగటు ఆయువు 8267 ఏళ్ళు. వరి మొక్క బతికి ఉన్నంతకాలం గాలితో సమానంగా కార్బన్-14 దానిలో ఉంటుంది. దుబ్బు మట్టిలో కలిసిన నాటి నుంచి అది తగ్గుతూ పోతుంది.

వేల ఏళ్ళ గడియారంతో పదేళ్ళ మార్పును ఎలా కొలుస్తారు?

సహజమైన తరుగుదల ఒక్కదానితోనే అయితే కొలవలేము. పదేళ్ళలో కార్బన్-14 తగ్గేది వెయ్యికి ఒకటి కంటే కొంచెం ఎక్కువ, అంతే. కొలతలోని పొరపాటే సాధారణంగా వెయ్యికి రెండు మూడు ఉంటుంది. మనకు దారి చూపింది అణుబాంబు పరీక్షలు. 1950ల నుంచి 1963లో పాక్షిక నిషేధ ఒప్పందం కుదిరే దాకా గాలిలో జరిపిన పేలుళ్ళ వల్ల ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపు అయింది. ఉష్ణమండలంలో ఆ శిఖరం కొంచెం తక్కువ ఎత్తులో, కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఆ తరవాత సముద్రమూ, చెట్లూ, నేలా దాన్ని పీల్చుకోవడం వల్ల, కార్బన్-14 లేని బొగ్గు, పెట్రోలు పొగ గాలిలో కలిసి పలుచన చేయడం వల్ల అది దిగుతూ వచ్చి, ఇటీవలి ఏళ్ళలో 1950 నాటి మట్టానికి చేరింది.

అంటే 1964 ప్రాంతంలో పండిన ప్రతి గింజా, రాలిన ప్రతి కొబ్బరాకూ ఆ ఏటి గుర్తును తనలో మోసుకుపోయింది. ఏ పొరలో ఆ గుర్తు ఎంత ఉందో చూస్తే గత అరవై డెబ్బై ఏళ్ళలో ఆ పొరలోకి కొత్త కార్బన్ ఎంత చేరిందో తెలుస్తుంది. మనుషులు చేసిన ఒక భయంకరమైన పని నేలను అర్థం చేసుకోవడానికి ఇంతగా పనికివచ్చిందన్న విషయం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

లెక్క ఎలా కడతారు?

ప్రయోగశాల ఇచ్చే అంకెల్లో ముఖ్యమైనది మట్టిలోని కార్బన్-14ను 1950 నాటి ప్రమాణంతో పోల్చిన నిష్పత్తి. దాన్ని ఎఫ్ అంటారు. బాంబు కార్బన్ ఇంకా చేరని లోతైన పొర, ఒకే తీరున కలిసిన నిల్వ, నిలకడ స్థితి అనే మూడు షరతులూ ఉంటే సూత్రం చాలా సులువు:

మార్పిడి కాలం = 8267 × (1 ÷ ఎఫ్ − 1)

ఎఫ్ 0.90 అయితే ఇది సుమారు 920 ఏళ్ళు. అదే నమూనాకు ప్రయోగశాల నివేదికలో రేడియోకార్బన్ వయసు సుమారు 850 ఏళ్ళని ఉంటుంది. ఎఫ్ 0.75 అయితే మార్పిడి కాలం 2750 ఏళ్ళు దాటుతుంది, నివేదికలోని వయసు 2310 ప్రాంతంలో ఉంటుంది. ఈ తేడా పొరపాటు కాదు. నివేదికలోని వయసు మొత్తం కార్బన్ ఒకే రోజున చచ్చిపోయిందన్న ఊహతో, లిబ్బీ నాటి 5568 ఏళ్ళ అర్ధాయువుతో కట్టినది. చెక్కముక్కకు, గవ్వకు ఆ ఊహ సరిపోతుంది. రోజూ కొత్తది వచ్చి పాతది పోయే మట్టికి అది సరిపోదు. నివేదికలోని వయసును అలాగే తీసుకొని మార్పిడి కాలమని రాసేయడం విద్యార్థుల నివేదికల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు.

పై పొరల్లో బాంబు కార్బన్ ఉంటుంది కనుక ఈ సూత్రం పనికిరాదు. అక్కడ ఏటేటా గాలిలో కార్బన్-14 ఎంత ఉందో వరుసగా పెట్టి, ప్రతి ఏడాదీ నిల్వలో ఒక భాగం పోయి కొత్తది చేరినట్టు లెక్కిస్తూ నమూనా తీసిన ఏటి దాకా రావాలి. స్ప్రెడ్‌షీట్‌లో వరుసకో సంవత్సరం చొప్పున చేయవచ్చు. సాయిల్‌ఆర్ అనే ఉచిత ప్యాకేజీ కూడా ఉంది. నమూనా తీసిన తేదీ తెలియకపోతే ఈ లెక్క ముందుకు సాగదు.

మొత్తం మట్టిని ఒకేసారి కొలిస్తే చాలదా?

చాలదు. ఎందుకో అంకెలతో చూపిస్తాను. ఒక పొలంలో 100 పాళ్ళ కార్బన్ ఉంది. అందులో 50 పాళ్ళు వేళ్ళు, దుబ్బు ముక్కల రూపంలో 5 ఏళ్ళకు మారుతున్నాయి; మిగిలిన 50 పాళ్ళు బంకమట్టికి అంటుకొని 2000 ఏళ్ళకు మారుతున్నాయి. ఏటా బయటకు పోయేది మొదటి దానిలోంచి 10 పాళ్ళు, రెండో దానిలోంచి 0.025 పాళ్ళు. మొత్తం నిల్వను మొత్తం ప్రవాహంతో భాగిస్తే అసలైన మార్పిడి కాలం దాదాపు 10 ఏళ్ళు. బాంబు కార్బన్ సంగతి పక్కనపెట్టి, ఇదే మట్టిని కలిపి కొలిస్తే ఎఫ్ సుమారు 0.902 వస్తుంది. దాన్ని పై సూత్రంలో వేస్తే 895 ఏళ్ళు అంటుంది. పదేళ్ళ చోట తొమ్మిది వందల ఏళ్ళు! కొలతలో తప్పేమీ లేదు. రెండు వేర్వేరు గాదెల్ని ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన తప్పు ఇది.

దీని ప్రభావం ఒక పొలంతో ఆగదు. 2016లో ప్రపంచం నలుమూలల నుంచి 157 నేల పరిచ్ఛేదాల (పైనుంచి లోతుదాకా పొరల వారీగా చూసిన నేలల) రేడియోకార్బన్ కొలతలను భూవ్యవస్థను కంప్యూటర్‌లో లెక్కకట్టే మోడళ్ళతో పోల్చినప్పుడు, పై మీటరు లోతులోని కార్బన్ సగటు వయసు 3100 ఏళ్ళ ప్రాంతంలో ఉంటే మోడళ్ళు దాన్ని 430 ఏళ్ళుగా చూపుతున్నాయని తేలింది. అందువల్లనే ఈ శతాబ్దంలో నేలలు పీల్చుకోగల కార్బన్‌ను ఆ మోడళ్ళు ఎక్కువగా అంచనా వేశాయి.

అయితే మట్టిని ఎలా విడగొట్టాలి?

ఎక్కువగా వాడేది బరువును బట్టి విడగొట్టే పద్ధతి. సోడియం పాలీటంగ్‌స్టేట్ ద్రావణాన్ని ఘన సెంటీమీటరుకు 1.6 నుంచి 1.8 గ్రాముల సాంద్రతకు కలిపి, అందులో మట్టిని వేసి తేరనిస్తే, కుళ్ళుతున్న వేరుముక్కలు, పొట్టు పైకి తేలతాయి (తేలిక భాగం), ఖనిజాలకు అంటుకున్నది అడుగుకు దిగుతుంది (బరువు భాగం). రెండిటినీ కడిగి, ఆరబెట్టి, విడివిడిగా కొలుస్తారు.

దీనికి ముందు చేతిపని ఒకటి ఉంది, నాకు అదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. సార్వా (ఖరీఫ్) కోతల తరవాత తీసిన చేను మట్టిని ఆరబెడితే గోధుమరంగు పెళ్ళలవుతుంది. ఆ పెళ్ళను వేళ్ళ మధ్య నలిపితే లోపల వెంట్రుక కంటే సన్నని వేళ్ళు, వాటి చుట్టూ తుప్పురంగు గొట్టాల్లాంటి చారలు కనబడతాయి. నీళ్ళలో నిలిచిన వరివేరు తన చుట్టూ ఆక్సిజన్ వదిలినప్పుడు ఇనుము గడ్డకట్టిన జాడలు అవి. ఈ ఏటి వేళ్ళను భూతద్దం కింద చిమటాతో ఒక్కొక్కటిగా ఏరకపోతే, రెండు నెలల నాటి కార్బన్ రెండు వందల ఏళ్ళ కార్బన్‌తో కలిసిపోయి కూర్చుంటుంది. గుప్పెడు మట్టికి ఒక పూట పడుతుంది. తొందరపడకండి.

మరో మార్గం, మట్టిని సీసాలో తడిపి ఉంచి అందులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడును పట్టి కొలవడం. లోపల ఏముందో కాక, ఇప్పుడు ఏది పోతోందో అది చెబుతుంది. గాదె ఉపమానంలో వంటింటికి చేరే గింజ ఇదే.

ఒకే కొలతకు రెండు జవాబులు వస్తున్నాయి. ఏది నమ్మాలి?

బాంబు శిఖరం ఎక్కి దిగిన గుట్ట వంటిది. ఒకే ఎత్తు రెండు వైపులా ఉంటుంది. ఈ రోజుల్లో తీసిన తేలిక భాగంలో ఎఫ్ 1.05 వచ్చిందంటే దాని మార్పిడి కాలం పది ఇరవై ఏళ్ళు కావచ్చు, వంద దాటినా కావచ్చు. ఆ ఒక్క అంకె చూసి ఏదో ఒకటి ఎంచుకోవడం ఊహాగానమే.

మంచి పరిష్కారం, అదే చోట దశాబ్దాల కిందట తీసి దాచిన మట్టిని కూడా కొలవడం. రెండు తేదీలకూ ఒకేసారి సరిపోయే జవాబు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి నడుస్తున్న పొలాల మట్టిని సీసాల్లో భద్రపరిచారు కనుకనే అక్కడి లెక్కలు అంత గట్టిగా నిలిచాయి. మన డెల్టాలోనూ మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన కేంద్రం ఉంది, వ్యవసాయ కళాశాలలు ఉన్నాయి. ఎక్కడైనా బీరువాలో తేదీ, ఊరు, లోతు రాసి ఉన్న పాత మట్టి పొట్లం కనబడితే దయచేసి పారేయవద్దు. పాత మట్టి దొరకనప్పుడు, ఎకరానికి ఏటా ఎంత దుబ్బు, వేరు చేలో కలుస్తుందో లెక్కకట్టి, తేలిక భాగం నిల్వను దానితో భాగించి చూడండి. రెండు జవాబుల్లో ఒకటి అసాధ్యమని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

డెల్టా నేలల్లో ప్రత్యేకమైన చిక్కు ఏమైనా ఉందా?

ఉంది, అది గోదారే. మెట్ట ప్రాంతంలో మట్టిలోని కార్బన్ దాదాపుగా అక్కడి మొక్కల నుంచే వస్తుంది. ఇక్కడ అలా కాదు. త్ర్యంబకం దగ్గర పుట్టి సుమారు 1465 కిలోమీటర్లు నడిచి, 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న పరీవాహక ప్రాంతాన్ని కడుగుతూ వచ్చే నది తెచ్చిన ఒండ్రే మన నేల. దక్కన్ నల్లరేగడి నుంచి కొట్టుకొచ్చిన బంకమట్టికి వందల ఏళ్ళ నాటి కార్బన్ ముందే అంటుకొని ఉంటుంది. ప్రాణహిత, గోదావరి లోయలోని బొగ్గు పొరల నుంచి రేణువులు కూడా కొట్టుకురాగలవు, వాటిలో కార్బన్-14 అసలే ఉండదు. కాబట్టి నది మధ్య లంకలో ఒక వరద వేసిన మేట మొన్నటిదే అయినా, దాన్ని కొలిస్తే వందల ఏళ్ళు చూపవచ్చు. అది ఆ నేలలో కార్బన్ నిలిచిన కాలం కాదు, దారిలో గడిపిన కాలం కూడా కలిసిన అంకె.

అందుకే మేము చేను మట్టితో పాటు వరద తగ్గగానే గట్టు మీద మిగిలిన తాజా ఒండ్రును కూడా తీసి కొలుస్తాం. అది మొదటి రోజు విలువ. చేను విలువలోంచి దాని వాటాను తీసివేయకుండా మార్పిడి కాలం రాయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

నిలకడ స్థితి అన్న ఊహ కూడా ఇక్కడ తేలిగ్గా నిలవదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్ళతో మాగాణి విస్తరించింది, తరవాత సార్వాకు దాళ్వా (రబీ వరి) తోడైంది, ఇటీవలి దశాబ్దాల్లో చేలు చేపల చెరువులయ్యాయి. 1986 ఆగస్టు వరద లంకలపై కొత్త మేట వేసింది, 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరి తోటల్ని ఒక్క రాత్రిలో నేలకూల్చింది. ఇటువంటి చోట ఊరి పెద్దల్ని అడిగి ఆ చేను చరిత్రను రాసుకోవడం కూడా కొలతలో భాగమే.

గవ్వలు, సున్నం సంగతి ఏమిటి?

తీరానికి దగ్గర ఊళ్ళలో రెండడుగులు తవ్వితే గవ్వలు వస్తాయి. గత ఆరేడు వేల ఏళ్ళలో సముద్రం వెనక్కు తగ్గుతూ పేర్చిన ఇసుక దిబ్బల మీదే ఆ ఊళ్ళు ఉన్నాయి మరి. గవ్వలోని కార్బన్ సముద్రపు నీటి నుంచి వచ్చినది. ఉపరితల సముద్రం గాలి కంటే సగటున 400 ఏళ్ళు పాతగా కనబడుతుంది. చెరువుల్లో చల్లే సున్నపురాయి పొడిలో కార్బన్-14 శూన్యం. మట్టి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడండి. బుస్సుమని పొంగితే కార్బనేట్ ఉన్నట్టే, ఆమ్లంతో దాన్ని పూర్తిగా పోగొట్టిన తరవాతే కొలతకు పంపాలి.

కోరంగి మడ అడవుల్లోనూ ఇదే పద్ధతి పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ లోతుకు వెళ్ళేకొద్దీ వయసు పెరుగుతుందన్న నమ్మకాన్ని పక్కన పెట్టాలి. ఆటుపోట్లకు మునిగే ఆ బురదలో ఆక్సిజన్ అందదు కనుక కార్బన్ నిదానంగా కుళ్ళుతుంది, చాలాకాలం నిలుస్తుంది. అదే సమయంలో మడచెట్ల వేళ్ళు పాత బురదలోకి చొచ్చుకుపోయి కొత్త కార్బన్‌ను కిందికి దింపుతాయి, పీతలు బొరియలు తవ్వి ఆకుల్ని లోపలికి లాక్కుపోతాయి. పైన పాత ఒండ్రు, కింద కొత్త వేరు ఉన్న మట్టి ఇక్కడ అరుదు కాదు. వేళ్ళను, సన్నని బురదను వేరు చేసి కొలవడం ఒక్కటే మార్గం.

దగ్గర్లో గ్యాస్ బావులు ఉంటే కొలత పాడవుతుందా?

కొంతవరకు అవుతుంది. కృష్ణా గోదావరి బేసిన్ నుంచి వచ్చే సహజవాయువులో కార్బన్-14 లేదు. అది మండుతున్న చోట పెరిగిన ఆకు ఆ ఊరి గాలినే పీలుస్తుంది కనుక, దాని విలువ మిగతా ఊళ్ళ ఆకుల కంటే తగ్గి ఉంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండిన సంగతి కోనసీమలో అందరికీ గుర్తే. చుట్టుపక్కల మట్టిని తీసేవారు ఈ ఏటి గడ్డిపోచను కూడా కొలిపిస్తే, స్థానిక గాలి ఎంత పలుచనైందో తెలుస్తుంది.

నమూనా తీయడంలో, దాచడంలో ఏ జాగ్రత్తలు పాటించాలి?

ఒకసారి మా నమూనాల్లో ఎఫ్ 3 దాటి వచ్చింది. బాంబు శిఖరం నాడైనా గాలిలో అంత లేదు. వెతగ్గా వెతగ్గా తెలిసింది ఏమిటంటే, మేము మట్టి ఆరబెట్టిన గదిలో ఎన్నో ఏళ్ళ కిందట వేరెవరో కార్బన్-14 గుర్తు వేసిన పదార్థాలతో మొక్కల ప్రయోగాలు చేశారు. ఆ సంస్థలో ఎవరూ మాకు ఆ సంగతి చెప్పలేదు, గది తలుపు మీద హెచ్చరికా లేదు. రెండు సీజన్ల మట్టి, దాని వెనక పడ్డ శ్రమ అంతా పోయింది. అప్పటి నుంచి కొత్త గదిలో పని మొదలుపెట్టే ముందు అక్కడ గతంలో ఏం చేశారో రాతపూర్వకంగా అడుగుతున్నాం, బల్లల్ని తుడిచిన దూదిని ముందుగా కొలిపిస్తున్నాం.

మిగిలినవి మామూలు జాగ్రత్తలే: గడ్డి తగలబెట్టిన మడిలో బొగ్గు ముక్కలు ఏరేయడం, లోతును గొట్టంతో ఖచ్చితంగా కొలవడం, నిర్దిష్ట ఘనపరిమాణంలో మట్టి బరువు తీసుకోవడం. ఆ బరువు లేకపోతే నిల్వ ఎంతో తెలియదు.

కొలత ఎక్కడ, ఎంత మట్టితో చేస్తారు?

మన దేశంలో న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లోనూ, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలోనూ యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ (కార్బన్-14 పరమాణువుల్ని నేరుగా లెక్కపెట్టే పద్ధతి) సదుపాయం ఉంది. సుమారు ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు. కార్బన్ ఒక శాతం ఉన్న మట్టి అయితే అది చిటికెడు. దాన్ని కాల్చి వచ్చిన వాయువును ఇనుము మీద గ్రాఫైట్‌గా మార్చి యంత్రంలో పెడతారు.

మా చేలో పశువుల ఎరువు వేస్తాం. ఆ కార్బన్ ఎంతకాలం ఉంటుందండీ?

రైతులు అడిగే ఈ ప్రశ్న అన్నిటికంటే న్యాయమైనది, దీనికి ఒక్క అంకెతో జవాబు లేదు. మీరు తోలిన పెంటలో ఎక్కువ భాగం మొదటి కొన్నేళ్ళలోనే కార్బన్ డయాక్సైడుగా, నీళ్ళు నిలిచిన చేలో కొంత మీథేన్‌గా పోతుంది. సూక్ష్మజీవులు తిని మిగిల్చిన కొద్ది భాగం మాత్రం మన ఒండ్రులోని బంకరేణువులను అంటిపెట్టుకొని దశాబ్దాలు, కొంత శతాబ్దాలు నిలుస్తుంది. మొదటి భాగం పైరుకు పోషకాల్ని విడుదల చేస్తుంది, అది పోవడం నష్టం కాదు. కాబట్టి నేలలో కార్బన్ వేల ఏళ్ళు ఉంటుందని ఎవరైనా చెబితే, ఏ భాగాన్ని కొలిచి చెబుతున్నారో అడగండి. ఎరువు వేయని పక్క చేను మట్టిని, మీ చేను మట్టిని ఒకే రోజున, ఒకే లోతు నుంచి తీసి ఇస్తే, రెండిటి తేలిక భాగాలనూ బరువు భాగాలనూ విడిగా కొలిచి, మీ చేలో ఏది ఎంత మిగిలిందో చెప్పగలం. దాళ్వా కోతలయ్యాక, దమ్ము చేయకముందు తీస్తే మంచిది.